ఒకే మాట, మూడు జబ్బులు: తెల్లబట్ట వెనక ఉన్న చరిత్ర

ఈ ఎపిసోడ్ ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చా అని కామెంట్లలో ముందే అడుగుతారు కాబట్టి చెప్పేస్తున్నాను. చూడొచ్చు. పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్ల ఉన్న ఇల్లయితే చూడాలి కూడా. ఈ రోజు విషయం తెల్లబట్ట. అవును, మనవాళ్ళు గొంతు తగ్గించి, వంటింట్లోకి తీసుకెళ్ళి మాట్లాడే ఆ తెల్లబట్టే.

దీని మీద ఎపిసోడ్ ఎందుకంటే, ఇంజనీరింగ్ సెకండ్ ఇయర్‌లో ఒక సంగతి జరిగింది. విజయవాడ దగ్గర హాస్టల్, రూముకి నలుగురం. మాలో ఒకమ్మాయికి ఈ ఇబ్బంది వచ్చింది. తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది, వాసన వస్తోంది. పక్క రూములో ఇంకో అమ్మాయికి అంతకుముందు దురద వస్తే వాళ్ళ ఊళ్ళో డాక్టరు గారు ఒక ట్యూబు రాశారట, వారంలో తగ్గిపోయిందట. ఆ ట్యూబు మా రూముకి వచ్చింది. మా అమ్మాయి అది ఐదు నెలలు వాడింది. రోజుకి రెండు సార్లు డెటాల్ నీళ్ళతో కడుక్కునేది. తగ్గలేదు సరికదా, పెరిగింది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికితేనే కూర్చునేది. క్లాసులో ఆఖరి బెంచీకి మారిపోయింది. మేం ముగ్గురం అది చూస్తూనే ఉన్నాం, అడగలేదు. చివరికి పండక్కి ఇంటికెళ్ళినప్పుడు వాళ్ళ పిన్ని పట్టుబట్టి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఐదు నిమిషాల పరీక్ష. వేరే మందు. ఏడు రోజుల్లో తగ్గిపోయింది.

ఐదు నెలలకీ ఏడు రోజులకీ మధ్య ఉన్న తేడా ఏమిటి? నేను తర్వాత కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాను కదా, అక్కడ ఒక సంగతి అర్థమైంది. స్క్రీన్ మీద ఒకే ఎర్రర్ మెసేజ్ వస్తుంది. వెనక కారణాలు మూడు ఉండొచ్చు. కారణం చూడకుండా, పోయినసారి పనిచేసిన ఫిక్స్ మళ్ళీ పెడితే, మూడింట్లో రెండు సార్లు తప్పే అవుతుంది. తెల్లబట్ట అనే మాట అలాంటి ఎర్రర్ మెసేజ్. దాని వెనక ముఖ్యంగా మూడు వేర్వేరు జబ్బులున్నాయి. అసలు జబ్బే కానిది కూడా ఒకటుంది. వీటిని విడదీసి చూడటానికి ప్రపంచానికి వందేళ్ళు దాటి పట్టింది. ఆ కథలో మన భీమవరం ఉంది, మన బెజవాడ కూడా ఉంది.

ముందు, జబ్బు కానిది

వయసొచ్చిన ప్రతి ఆడమనిషికీ యోనిలో కొంత స్రావం ఉంటుంది. తెల్లగానో, నీళ్ళలాగానో ఉంటుంది. నెల మధ్యలో, అండం విడుదలయ్యే రోజుల్లో, గుడ్డు తెల్లసొనలాగా సాగుతుంది. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. దురద, మంట, చెడు వాసన లేకపోతే అది ఒంటి పని అది చేసుకుంటున్నట్టే.

మా అమ్మమ్మ వాళ్ళు దీన్ని ఇంకోలా అనుకునేవాళ్ళు. తెల్లబట్ట అయితే ఒంట్లో సత్తువ కారిపోతోందని, ఎముకలు కరిగిపోతున్నాయని. "వేడి చేసింది, సబ్జా నీళ్ళు తాగు" అనేవాళ్ళు. సబ్జా నీళ్ళు తాగితే నష్టమేమీ లేదు, మే నెల బెజవాడలో అందరూ తాగాల్సిందే. కానీ ఎముకలు కరగవు. నీరసంగా ఉంటే రక్తం తక్కువుందేమో పరీక్ష చేయించుకోవాలి, అది వేరే సంగతి. ఈ భయం వల్ల మామూలు స్రావం ఉన్న అమ్మాయిలు మందులు మింగారు. నిజంగా జబ్బున్నవాళ్ళేమో "ఆడవాళ్ళన్నాక మామూలే" అని ఊరుకున్నారు. రెండు వైపులా తప్పే జరిగింది.

చరకుడు చెప్పిన ఇరవై, మనకి మిగిలిన ఒక్కటి

పాత వైద్యులకి ఈ తేడాలు అసలు తెలియవా అంటే, కొంత తెలుసు. చరక సంహిత చికిత్సా స్థానంలో 30వ అధ్యాయంలో యోనివ్యాపత్తులని ఇరవై రకాలు చెప్పారు. వాటిలో కఫం వల్ల వచ్చేదాన్ని జిగటగా, దురదతో, నొప్పి తక్కువగా ఉంటుందని వర్ణించారు. అచరణ అని ఇంకొకటుంది. కడుక్కోకపోవడం వల్ల అక్కడ జంతువులు, అంటే సూక్ష్మమైన క్రిములు పుట్టి దురద పెడతాయని అందులో ఉంది. మైక్రోస్కోపు లేని కాలంలో ఆ ఊహ చిన్నదేమీ కాదు.

కానీ రెండు సంగతులు గమనించండి. ఒకటి, పుస్తకంలో ఇరవై రకాలున్నా ఇంట్లోకి వచ్చేసరికి ఒక్క మాటే మిగిలింది. రెండోది, "కడుక్కోకపోతే వస్తుంది" అన్న ఆలోచన బాగా నాటుకుపోయింది. జబ్బు వచ్చిందంటే శుభ్రత లేదన్నమాట. శుభ్రత లేదంటే అది ఆ మనిషి తప్పు. నా రూమ్మేటు డెటాల్ పట్టుకోవడానికి కారణం ఇదే. ఆమె ఎంత కడిగితే అంత పెరిగిందని చెప్పాను కదా, ఎందుకో తెలియాలంటే మనం కాసేపు యూరప్ వెళ్ళాలి.

పారిస్‌లో కదిలే జీవి, జర్మనీలో పెరుగు తోడు

1836లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ డోనే అనే వైద్యుడు, అప్పట్లో చాలామంది డాక్టర్లు బొమ్మ కింద చూసే మైక్రోస్కోపుని తీసుకుని, స్త్రీల యోని స్రావం చుక్కని దాని కింద పెట్టి చూశాడు. తోకల్లాంటి వెంట్రుకలతో గిలగిలా కొట్టుకుంటూ ఈదుతున్న ఒక జీవి కనిపించింది. దాన్నే ఇప్పుడు ట్రైకోమోనాస్ వెజైనాలిస్ అంటున్నాం. మన మూడు జబ్బుల్లో ఒకదాని కారణం అలా మొదట కంటబడింది. అయితే అది జబ్బు చేస్తుందని వైద్యులు నమ్మడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఏదో ఉంటుందిలే, హాని లేనిది అనుకున్నారు.

తర్వాత 1892లో జర్మనీలో ఆల్బర్ట్ డోడర్‌లైన్ అనే ప్రసూతి వైద్యుడు ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాడు. అప్పట్లో బాలింత జ్వరాలతో తల్లులు చనిపోయేవాళ్ళు. ఆ కారణం వెతుకుతూ ఆయన గర్భిణుల స్రావాన్ని పరీక్షించాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కడ్డీల్లాంటి బాక్టీరియా గుంపులు కనిపించాయి. అవి లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తున్నాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగలేకపోతున్నాయి.

ఇది మనకి చాలా తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే మనం రోజూ రాత్రి పాలు తోడుపెడతాం. పెరుగుని పులియబెట్టే లాక్టోబాసిల్లస్ కుటుంబానికే చెందినవి యోనిలోనూ ఉంటాయి. రకాలు వేరు, పని ఒకటే. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అక్కడి పీహెచ్ సుమారు 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది, అంటే ఇంచుమించు పెరుగంత పులుపు. (అలాగని పెరుగు తీసుకెళ్ళి లోపల పెట్టకండి. అది మందు కాదు.)

ఇప్పుడు డెటాల్ సంగతి చూడండి. సబ్బు క్షార గుణం ఉన్నది. యాంటిసెప్టిక్ మంచి బాక్టీరియానీ చెడ్డదాన్నీ ఒకేలా చంపుతుంది. లోపలికి పోనిచ్చి కడిగితే ఏం జరుగుతుంది? కాపలా వాళ్ళే ముందు పోతారు. యోని లోపలి భాగం తన్ను తాను శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగాన్ని మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు.

ఇది మన అమాయకత్వం ఒక్కటే అనుకోకండి. అమెరికాలో 1920ల నుంచి 50ల దాకా లైజాల్‌ని, అవును, మనం బాత్రూములు కడిగే ఆ లైజాల్‌నే, ఆడవాళ్ళ లోపలి శుభ్రత కోసమని పత్రికల్లో ప్రకటనలిచ్చి అమ్మారు. శుభ్రంగా లేకపోతే భర్త దూరమైపోతాడని భయపెట్టేవాళ్ళు. కాలిన గాయాలయ్యాయి, ప్రాణాలు కూడా పోయాయి. ఇవాళ గులాబీ రంగు సీసాల్లో వస్తున్న ఇంటిమేట్ వాష్‌ల ప్రకటనలు చూస్తే అందులో వాడే భయం అదే అనిపిస్తుంది నాకు. సీసాలో ఉన్నది అంత ప్రమాదకరం కాకపోవచ్చు, కానీ "నువ్వు మురికిగా ఉన్నావు" అన్న మాట మాత్రం మారలేదు.

భీమవరం నుంచి ఫంగస్ దాకా

ఇక మన మూడు జబ్బుల్లో ఎక్కువమంది పేరు విన్నది ఫంగస్. కాండిడా అనే ఈస్ట్. మామూలుగానే చాలామంది ఒంట్లో కొద్దిగా ఉంటుంది, గొడవ చేయదు. పక్కన కాపలా తగ్గినప్పుడు పెరిగిపోతుంది. గడ్డపెరుగులాగా, విరిగిన పాలలాగా తెల్లటి స్రావం, విపరీతమైన దురద, మూత్రానికి వెళ్తే మంట. వాసన పెద్దగా ఉండదు.

ఇక్కడ మన యల్లాప్రగడ సుబ్బారావు గారు వస్తారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు, 1922లో అమెరికా వెళ్ళారు. లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త మట్టిలోంచి ఒక కొత్త యాంటీబయాటిక్ తీశాడు. పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది. 1948లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు.

ఆరియోమైసిన్ గొప్పతనం ఏంటంటే చాలా రకాల బాక్టీరియాని ఒకేసారి చంపుతుంది. దాని చిక్కు కూడా అదే. మంచి బాక్టీరియా కూడా పోతోంది. ఇలాంటి మందులు వాడకంలోకి వచ్చాక, వాడినవాళ్ళ నోట్లో, పేగుల్లో, యోనిలో కాండిడా పెరగడం డాక్టర్లు చూశారు. ఫంగస్‌ని చంపే మందేమో వాళ్ళ దగ్గర సరైనది లేదు.

ఆ మందు కనిపెట్టింది ఇద్దరు ఆడవాళ్ళు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్ళు. ఎలిజబెత్ హేజెన్ న్యూయార్క్ నగరంలో సూక్ష్మజీవుల పని చూసేది, రేచల్ బ్రౌన్ ఆల్బనీలో రసాయనాల పని చూసేది. ఇద్దరి ఊళ్ళూ వేరు. అందుకని హేజెన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవుల్ని పెంచి, సీసాల్లో పెట్టి మామూలు పోస్టులో పంపేది. బ్రౌన్ అందులోంచి రసాయనాన్ని విడదీసి మళ్ళీ పోస్టులోనే వెనక్కి పంపేది. వర్జీనియాలో స్నేహితుల పొలం నుంచి తెచ్చిన మట్టిలో చివరికి పనికొచ్చేది దొరికింది. 1950లో ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరు మీదే దానికి నిస్టాటిన్ అని పేరు పెట్టారు. మనుషులకి వాడదగ్గ తొలి ఫంగస్ మందుల్లో ఒకటది. రాయల్టీ మొత్తం కోటీ ముప్ఫై లక్షల డాలర్లు దాటింది. ఇద్దరూ సొంతానికి తీసుకోకుండా అదంతా పరిశోధనలకే ఇచ్చేశారు.

మన నిత్యజీవితంలోకి తెస్తే ఇందులో పాఠం ఒకటే. జలుబు చేసిందని, గొంతు నొప్పని మెడికల్ షాపుకెళ్ళి "ఏదన్నా యాంటీబయాటిక్ ఇవ్వండి" అని నాలుగు మాత్రలు తెచ్చుకుంటాం కదా. వారం తర్వాత దురద మొదలైతే ఆ రెండిటికీ సంబంధం ఉండొచ్చు. ఇంకొకటి, షుగరు. అదుపులో లేని షుగరు ఉన్నవాళ్ళకి ఫంగస్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. మన డెల్టాలో మూడు పూటలా అన్నం తినే ఇళ్ళలో ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. అమ్మకి ఏడాదిలో మూడు నాలుగు సార్లు దురద వచ్చిందంటే ట్యూబుతో పాటు షుగరు పరీక్ష కూడా చేయించండి. నాట్ల రోజుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తడిబట్టలతో ఉండేవాళ్ళకి తొడల మధ్య చర్మం ఒరుసుకుని అక్కడ కూడా ఫంగస్ పట్టొచ్చు. ఇంటికి రాగానే పొడి నూలుబట్టలు కట్టుకోవడం మంచిది.

ఫంగస్‌కి ఇప్పుడు క్లోట్రిమజోల్ లాంటి క్రీములు, లోపల పెట్టుకునే మాత్రలు, లేదా ఫ్లుకోనజోల్ మాత్ర డాక్టర్లు ఇస్తారు. గర్భంతో ఉన్నవాళ్ళు మాత్రం ఫ్లుకోనజోల్ సొంతంగా మింగకూడదు.

పేరు లేని జబ్బు

నా రూమ్మేటుకి వచ్చింది ఫంగస్ కాదు. అందుకే ఆ ట్యూబు ఐదు నెలలు రాసినా పనిచేయలేదు. ఆమెకి వచ్చింది రెండోది, బాక్టీరియల్ వెజైనోసిస్. పొట్టిగా బీవీ అంటారు. పలచగా, బూడిద కలిసిన తెలుపులో స్రావం, చేపల వాసన. దురద ఎక్కువగా ఉండదు.

ఈ జబ్బుకి చాలాకాలం సరైన పేరు కూడా లేదు. ఫంగసూ కాదు, ట్రైకోమోనాసూ కాదు అని తేలితే, కారణం తెలియని వాపు అని రాసి వదిలేసేవాళ్ళు. 1955లో అమెరికాలో హ్యూస్టన్‌లో గార్డ్నర్, డ్యూక్స్ అనే ఇద్దరు ఇందులో ఒక బాక్టీరియాని పట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని గార్డ్నరెల్లా అంటున్నాం. అది కారణమని రుజువు చేయడానికి ఆరోగ్యంగా ఉన్న స్త్రీలలో దాన్ని ప్రవేశపెట్టి చూశారు. ఈ రోజు అలాంటి ప్రయోగానికి ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. ఫలితం మాత్రం ఆలోచించాల్సినది. ఒక్క ఆ బాక్టీరియానే పెంచి పెడితే జబ్బు దాదాపు రాలేదు. జబ్బున్నవాళ్ళ స్రావాన్ని మొత్తంగా పెడితే ఎక్కువమందికి వచ్చింది. అంటే విలన్ ఒక్కడు కాదు. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, వేరే బాక్టీరియాలు గుంపుగా ఆ చోటు ఆక్రమించడమే ఈ జబ్బు. కొత్తగా ఏదో లోపలికి దూరిందనే కంటే, ఉన్న సమతూకం చెడిపోయిందంటే సరిగ్గా ఉంటుంది. మరి డెటాల్‌తో కడిగితే సమతూకం ఏమవుతుంది? ఆమె చేసిన తప్పు శుభ్రత లేకపోవడం కాదు, శుభ్రత ఎక్కువవడం.

1983లో అమ్సెల్ అనే పరిశోధకుడూ ఆయన బృందమూ దీన్ని గుర్తుపట్టడానికి నాలుగు గుర్తులు చెప్పారు. పలచటి స్రావం. పీహెచ్ 4.5 కంటే ఎక్కువ. ఒక రసాయనం చుక్క వేస్తే వచ్చే చేపల వాసన. మైక్రోస్కోపులో, అరిసె మీద నువ్వులు అద్దినట్టు బాక్టీరియా అంటుకున్న కణాలు. నాలుగింట్లో మూడుంటే బీవీ. చూడండి, ఇందులో పెద్ద యంత్రాలేమీ లేవు. రంగు మారే కాగితం ముక్క, ఒక చుక్క రసాయనం, ఒక మైక్రోస్కోపు. ఐదు నిమిషాల పరీక్ష అన్నాను కదా, ఇదే.

దీనికి మందు మెట్రోనిడజోల్. మనకి బాగా తెలిసిన మందే. విరేచనాలకి మెట్రోజిల్ అని వేసుకుంటాం కదా, అదే. దాని కథ మూడో జబ్బుతో మొదలైంది.

ఇద్దరికీ మందు

1836లో డోనే చూసిన ఆ ఈదే జీవి గుర్తుంది కదా. దానికి నోటితో వేసుకునే సరైన మందు 120 ఏళ్ళ దాకా రాలేదు. 1950ల్లో జపాన్‌లో మట్టి సూక్ష్మజీవుల నుంచి అజోమైసిన్ అనే పదార్థం తీశారు, అది ట్రైకోమోనాస్‌ని చంపుతోందని కనిపెట్టారు. ఫ్రాన్స్‌లో రోన్ పూలెంక్ కంపెనీ వాళ్ళు దాని పోలికతో ఎన్నో పదార్థాలు తయారుచేసి, అందులోంచి మెట్రోనిడజోల్‌ని ఎంచుకున్నారు. 1960 నాటికి ఫ్లాజిల్ పేరుతో వచ్చింది. అమీబా మీద పనిచేస్తుందని తర్వాత తెలిసింది. అంటే మనం విరేచనాల మాత్ర అనుకునేది, పుట్టుకతో ఆడవాళ్ళ జబ్బు మాత్ర అన్నమాట.

ట్రైకోమోనాస్ అయితే స్రావం పసుపు, ఆకుపచ్చ కలిసి, కొందరిలో నురుగుగా ఉంటుంది. వాసన, మంట ఉంటాయి. కొందరిలో ఏ లక్షణమూ ఉండదు. ఇది శారీరక సంబంధం ద్వారా వచ్చేది. మగవాళ్ళలో సాధారణంగా బయటికి కనిపించదు. కాబట్టి భార్య ఒక్కతే మందు వేసుకుంటే మళ్ళీ వస్తుంది. ఇద్దరూ వేసుకోవాలి. మన ఇళ్ళలో జరిగేదేంటి? ఆవిడ మూడు సార్లు, నాలుగు సార్లు మందులు వాడుతుంది, ఆయన్ని డాక్టరు దగ్గరికి రమ్మని అడగలేదు. అడిగితే ఇంట్లో యుద్ధం. ఎప్పటిదో, ఎవరి నుంచో అన్న పంచాయితీ కంటే ముందు ఇద్దరూ మందు వేసుకోవడం ముఖ్యమని నా ఉద్దేశం.

బీవీకి మాత్రం మగవాళ్ళకి మందు అక్కర్లేదని దశాబ్దాలుగా అనుకుంటూ వచ్చారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆ మాటని తిరగరాశారు. భర్తకి లేదా భాగస్వామికి కూడా చికిత్స చేస్తే బీవీ తిరగబెట్టడం బాగా తగ్గిందని చూపించారు. మళ్ళీ మళ్ళీ వస్తున్నవాళ్ళు ఈ సంగతి డాక్టరు దగ్గర ఎత్తండి.

బెజవాడలో పైకి చెప్పినవాళ్ళు

ఇంత సైన్సూ పారిస్, న్యూయార్క్, హ్యూస్టన్‌లలో జరిగింది సరే. అది తెలుగులో ఒక మామూలు ఇల్లాలి చెవిన పడాలి కదా. ఆ పని చేసినవాళ్ళు మన ఊళ్ళో ఉన్నారు.

పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు గారి పేరు వినే ఉంటారు, విజ్ఞాన చంద్రికా గ్రంథమాల నడిపినాయన. ఆయన అక్క భండారు అచ్చమాంబ గారు స్త్రీల చరిత్రలు రాశారు. ఆ మేనత్త పేరే లక్ష్మణరావు గారి కూతురికీ ఉంది. ఆ అమ్మాయి డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ. స్త్రీల వైద్యురాలిగా బెజవాడలో ప్రాక్టీసు పెట్టారు. కాన్పుల గురించి, పసిపిల్లల పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాశారు. రాజకీయాల్లో పనిచేసి, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకి గెలిచారు. మగ డాక్టరుకి చూపించుకోవడం కంటే జబ్బుతో ఉండటమే నయం అనుకునే ఆ రోజుల్లో, ఊళ్ళో ఒక ఆడ డాక్టరు ఉండటం, ఆవిడ తెలుగులో రాయడం ఎంత పెద్ద సంగతో ఊహించుకోండి.

తర్వాత గోరా గారి కుటుంబం. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో బెజవాడకి మార్చారు. వాళ్ళబ్బాయే డాక్టర్ సమరం గారు. స్వాతి వారపత్రికలో ఆయన ప్రశ్నలూ జవాబుల శీర్షిక తెలియని తెలుగు ఇల్లు తక్కువ. మా ఇంట్లో ఆ పేజీ మడతపెట్టి ఉండేది. మా అమ్మ నా ముందు చదివేది కాదు, నేను మా అమ్మ ముందు చదివేదాన్ని కాదు. కానీ ఇద్దరం చదివాం! తెల్లబట్ట అని అచ్చులో, సిగ్గు లేకుండా, వెక్కిరింపు లేకుండా కనిపించడం అదే మొదటిసారి నాకు.

ఇంకో పక్క హైదరాబాదులో స్త్రీల ఉద్యమం నుంచి 90ల మొదట్లో "సవాలక్ష సందేహాలు" అనే పుస్తకం వచ్చింది. ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి, ఆడవాళ్ళే కూర్చుని తెలుగులో తయారుచేసింది.

ఇదంతా ఎందుకు అవసరమైందో ఒక్క లెక్క చెప్తాను. గోదావరికి అవతల, సిరొంచ వైపు తెలుగు వినిపించే గడ్చిరోలి జిల్లాలో, డాక్టర్ రాణీ బంగ్ బృందం రెండు పల్లెల్లో 650 మంది స్త్రీలని పరీక్షించింది. 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బుంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళు 8 శాతం. మందులు అప్పటికే ఉన్నాయి. నిస్టాటిన్ వచ్చి దాదాపు నలభై ఏళ్ళు, మెట్రోనిడజోల్ వచ్చి ముప్ఫై ఏళ్ళు. లేనిది అడగడం, చూడటం.

ఇప్పుడు మనం ఏం చేయాలి

ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని బోర్డు ఉంటుంది. అక్కడ రంగుల కిట్లు ఉచితంగా ఇస్తారు. ఆకుపచ్చది, కిట్ నంబర్ 2, తెల్లబట్ట ఇబ్బందికి. అందులో సెక్నిడజోల్, ఫ్లుకోనజోల్ ఉంటాయి. సెక్నిడజోల్ మెట్రోనిడజోల్‌కి చెల్లెలు లాంటిది, బీవీకీ ట్రైకోమోనాస్‌కీ పనిచేస్తుంది. రెండోది ఫంగస్‌కి. మైక్రోస్కోపు లేని చోట మూడింటినీ కలిపి కవర్ చేసే పద్ధతి ఇది. లోపాలున్నాయి, అవసరం లేని మందు కూడా పడుతుంది. కానీ పక్క రూము ట్యూబు కంటే వెయ్యి రెట్లు నయం. పరీక్ష చేసే డాక్టరు అందుబాటులో ఉంటే పరీక్షే మొదట.

కొన్ని సందర్భాల్లో అసలు ఆలస్యం చేయొద్దు. స్రావంలో రక్తం కనిపిస్తే, కలయిక తర్వాత రక్తం వస్తే, ముట్లుడిగాక మళ్ళీ ఎర్రబట్ట గానీ వాసనతో తెల్లబట్ట గానీ మొదలైతే, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే, గర్భంతో ఉంటే, వెంటనే డాక్టరుకి చూపించాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని కూడా ఇళ్ళలో తెల్లబట్టే అనుకుని నెలలు గడిపేస్తారు. ఒకే మాట వాడటం ప్రాణం మీదికి వచ్చేది అక్కడే.

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "తెల్లబట్ట" అని ఆగిపోకండి. రంగు ఏంటి, చిక్కగా ఉందా పలచగా ఉందా, దురద ఉందా, వాసన ఉందా, ఎన్నాళ్ళ నుంచి, ఈ మధ్య ఏ మందులు వాడారు. ఈ ఆరూ చెప్పండి. సిగ్గనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వండి. మేం బగ్ రిపోర్టు ఇలాగే రాస్తాం. "పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరూ బాగుచేయలేరు.

ఈ ఎపిసోడ్ రాసుకున్నాక నా రూమ్మేటుకి ఫోన్ చేశాను. తన సంగతి చెప్పొచ్చా అని అడిగాను. పేరు చెప్పకుండా చెప్పమంది. "ఆ ఐదు నెలలూ నీకు ఏం కావాల్సొచ్చింది, మందా?" అన్నాను. "కాదే," అంది. "మీరు ముగ్గురూ ఉన్నారు కదా రూములో. ఎవరో ఒకరు, ఏంటే, ఎలా ఉంది, అని అడిగుంటే బావుండేది."

మీ ఇంట్లో, మీ హాస్టల్లో, ఆఖరి బెంచీకి మారిన అమ్మాయి ఉంటే ఈ రోజే అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.